ఒకసారి పక్షవాతం వచ్చాక మళ్లీ ఎందుకు వస్తుంది? ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన విషయాలు

పక్షవాతం వచ్చి, వారం పది రోజులు ఆసుపత్రిలో ఉండి, నడక కాస్త కుదుటపడి మనిషి ఇంటికి రాగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. గండం గడిచిందనుకుంటారు. నిజానికి జాగ్రత్త మొదలుపెట్టాల్సింది అప్పుడే. ఒకసారి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చినవారికి మళ్లీ వచ్చే ముప్పు, అసలెప్పుడూ రానివారికంటే చాలా ఎక్కువ. మొదటిసారి చేయి కాస్త బలహీనపడి బయటపడ్డ మనిషి రెండోసారికి మాట పోగొట్టుకోవచ్చు, మంచం పట్టవచ్చు. రెండు మూడుసార్లు వస్తే జ్ఞాపకశక్తి కూడా దెబ్బతింటుంది.

ఊరటనిచ్చే మాట కూడా ఒకటుంది. రెండో స్ట్రోక్‌కు దారితీసే కారణాల్లో ఎక్కువ భాగం తెలిసినవే, అదుపులో పెట్టగలిగినవే. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, గుండె లయ, పొగాకు, మధ్యలో ఆపేసిన మాత్రలు: జాబితా పెద్దదేమీ కాదు. వీటిలో ఏది ఎంత ప్రమాదమో, ఇంట్లో ఏం గమనించాలో చూద్దాం.

ఇస్కీమిక్ స్ట్రోక్ అంటే

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడి, అక్కడి నుంచి ముందుకు రక్తం అందక మెదడులో కొంత భాగం చచ్చుబడితే దాన్ని ఇస్కీమిక్ స్ట్రోక్ అంటారు. నాళం చిట్లి రక్తం కారితే అది రక్తస్రావ స్ట్రోక్. మొదటి రకమే ఎక్కువమందికి వస్తుంది. ఈ వ్యాసం దాని గురించే.

మన ఇళ్లలో దీన్ని ఫాలిజ్ అంటారు, మూతి వంకరపోతే లఖ్వా అంటారు. మూతి వంకర ఒక్కటే ఉంటే అది ముఖానికి వెళ్లే నరం వాచి వచ్చినదీ కావచ్చు, స్ట్రోకూ కావచ్చు. ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చలేం. అందుకే మూతి వంకరపోగానే ముందు ఆసుపత్రికే వెళ్లాలి.

ఇంకో రకం ఉంది. మాట తడబడి, లేదా చేయి పట్టు తప్పి, పది పదిహేను నిమిషాల్లో మామూలైపోతుంది. దీన్ని మినీ స్ట్రోక్ అంటారు. "నీరసంగా ఉండి అలా అయింది, ఇప్పుడు బాగానే ఉంది" అని చాలా ఇళ్లలో వదిలేస్తారు. అడ్డుపడిన గడ్డ దానంతటదే కరిగిపోయింది కాబట్టి మనిషి లేచాడు. ఆ గడ్డను పుట్టించిన కారణం మాత్రం లోపల అలాగే ఉంది. మినీ స్ట్రోక్‌ను కూడా మొదటి స్ట్రోక్ కిందే లెక్కవేయాలి.

ముప్పు ఎప్పుడు ఎక్కువ?

మొదటి రోజులు, మొదటి వారాలు అన్నిటికంటే ప్రమాదం. అమెరికాలోని కాలిఫోర్నియాలో మినీ స్ట్రోక్‌తో ఎమర్జెన్సీకి వచ్చిన 1,707 మందిని గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, వంద మందిలో సుమారు 10 మందికి 90 రోజుల్లోపే పెద్ద స్ట్రోక్ వచ్చింది. అందులో సగం మొదటి రెండు రోజుల్లోనే.

తర్వాత కూడా ముప్పు పూర్తిగా పోదు. అనేక అధ్యయనాలను కలిపి 2011లో వేసిన లెక్క ప్రకారం, స్ట్రోక్ వచ్చిన వంద మందిలో నెల తిరిగేసరికి సుమారు ముగ్గురికి, ఏడాదిలో 11 మందికి, అయిదేళ్లలో 26 మందికి, పదేళ్లలో 39 మందికి మళ్లీ వచ్చింది. వైద్యం మెరుగుపడే కొద్దీ ఈ అంకెలు తగ్గుతూ వస్తున్నాయి.

త్వరగా కదిలితే ఎంత తేడా ఉంటుందో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో 2007లో తేలింది. మినీ స్ట్రోక్, చిన్న స్ట్రోక్ వచ్చినవారికి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడనివ్వకుండా అదే రోజు పరీక్షలు చేసి, అదే రోజు మందులు మొదలుపెట్టారు. 90 రోజుల్లో మళ్లీ స్ట్రోక్ వచ్చేవారు వందకు 10 మంది నుంచి ఇద్దరికి తగ్గిపోయారు. కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఉన్న మందులనే ఆలస్యం చేయకుండా ఇచ్చారు.

మందులు లేని కాలంలో ఏమయ్యేదో చరిత్ర చెబుతుంది. రష్యా నాయకుడు లెనిన్‌కు 1922 మే నెలలో మొదటి స్ట్రోక్ వచ్చింది. కోలుకుని మళ్లీ పనిలో పడ్డారు. అదే ఏడాది డిసెంబరులో రెండోది, 1923 మార్చిలో మాట పోగొట్టిన మూడోది వచ్చాయి. 1924 జనవరిలో 53 ఏళ్లకే కన్నుమూశారు. శవపరీక్షలో మెదడు రక్తనాళాలు బాగా పూడుకుపోయి కనిపించాయి. ఆనాడు ఎంత పెద్ద డాక్టర్ల దగ్గరా నాళాలు పూడకుండా ఆపే మందు లేదు. ఈనాడు అవే మందులు ఊళ్లోని మెడికల్ షాపులో దొరుకుతున్నాయి.

ముందు తేలాల్సింది: మొదటిది ఎందుకు వచ్చింది?

ఇస్కీమిక్ స్ట్రోక్‌లన్నీ ఒకే తీరున రావు. మెడలోనో మెదడులోనో పెద్ద నాళం కొవ్వు పేరుకుని సన్నబడి రావచ్చు. గుండెలో గడ్డ పుట్టి పైకి కొట్టుకుపోయి రావచ్చు. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ దెబ్బకు మెదడు లోపలి సన్నని నాళాలు మూసుకుపోయి రావచ్చు. అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బుల వల్ల, నాళం గోడ చీలడం వల్ల కూడా వస్తుంది. కొందరిలో ఎంత వెతికినా కారణం వెంటనే దొరకదు.

ఈ తేడా ఎందుకంటే, కారణాన్ని బట్టి మందు మారుతుంది. గుండె నుంచి గడ్డ వచ్చినవారికి ఆస్పిరిన్ సరిపోదు. మెడ నాళం బాగా సన్నబడినవారికి మాత్రలతో పాటు ఆపరేషన్ కూడా అవసరం పడవచ్చు. అందుకే మెదడు స్కాన్‌తో పాటు ఈసీజీ, గుండె ఎకో, మెడ నాళాల డాప్లర్ లేదా యాంజియోగ్రామ్, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయిస్తారు. ఖర్చుకు భయపడి "మనిషి బాగానే ఉన్నాడు కదా, ఇవన్నీ ఎందుకు" అని మధ్యలో వదిలేస్తే, అసలు కారణం తెలియకుండానే మందు వాడినట్టవుతుంది.

డిశ్చార్జ్ కాగితంలో కారణం ఏమని రాశారో డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి. ఆ కాగితాన్ని ఆధార్ కార్డులా భద్రంగా దాచుకోవాలి, ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకోవాలి.

బీపీ: అన్నిటికంటే పెద్ద కారణం

భారత్ సహా 32 దేశాల్లో జరిగి 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, స్ట్రోక్ ముప్పులో పదింట తొమ్మిది వంతులు పది కారణాల నుంచే వస్తున్నాయని తేల్చింది. ఆ పదింటిలో మొదటి స్థానం బీపీది. ఒకసారి స్ట్రోక్ వచ్చాక కూడా అంతే. 6,105 మంది రోగులతో 2001లో ముగిసిన మరో అధ్యయనంలో, బీపీ మాత్రలు వాడినవారికి మళ్లీ స్ట్రోక్ రావడం నాలుగో వంతుకు పైగా తగ్గింది. రెండు రకాల మాత్రలు కలిపి వాడినవారిలో ఇంకా ఎక్కువ తగ్గింది.

స్ట్రోక్ నుంచి కోలుకున్న చాలామందికి బీపీ 130/80 కంటే తక్కువ ఉండేలా చూడాలని డాక్టర్లు చెబుతారు. కచ్చితమైన అంకె వయసును, కిడ్నీల పరిస్థితిని, నాళాల స్థితిని బట్టి ఉంటుంది. స్ట్రోక్ వచ్చిన మొదటి రోజుల్లో డాక్టర్లు కావాలనే బీపీని కాస్త ఎక్కువగా ఉంచుతారు. అప్పుడు సొంతంగా మాత్రలు వేసి దించకూడదు.

"తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, అంటే బీపీ లేనట్టే" అన్న మాట పెద్ద పొరపాటు. చాలామందికి బీపీ 170 ఉన్నా ఒంట్లో ఏమీ తెలియదు. కొలిస్తేనే తెలుస్తుంది. చేతికి కట్టే బీపీ మిషన్ ఒకటి ఇంట్లో ఉంటే మంచిది. కొలిచే ముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. వీపుకు ఆనింపు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. అంతకుముందు అరగంటలో చాయ్, సిగరెట్ ఉండకూడదు. వచ్చిన అంకెను తేదీతో సహా రాసి పెడితే డాక్టర్‌కు అదే అన్నిటికంటే పనికొచ్చే కాగితం.

ఉప్పు సంగతి తెలిసిందే అయినా ఇళ్లలో పాటించేది తక్కువ. రోజుకు అన్నీ కలిపి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలో తగ్గించి పక్కన ఆవకాయ, అచార్, అప్పడం, ఉప్పు చేప, మిక్చర్ పెడితే ప్రయోజనం లేదు. పెళ్లి దావత్‌లో బిర్యానీ ఒక పూట తిన్నందుకు కాదు, రోజూ అన్నంలో కలిసే పచ్చడి వల్లే ఎక్కువ ఉప్పు చేరుతుంది.

మోకాళ్ల నొప్పులకు సొంతంగా కొనుక్కుని మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా బీపీని పెంచుతాయి. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనిని కూడా దెబ్బతీయగలదు. స్ట్రోక్ వచ్చినవారు డాక్టర్‌ను అడగకుండా వీటిని వాడకూడదు.

గుండె లయ తప్పడం

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే సమస్యలో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతాయి. రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడులోకి వెళ్తే వచ్చే స్ట్రోక్ పెద్దదే అవుతుంది. ఈ సమస్య ఉన్నవారికి స్ట్రోక్ ముప్పు సుమారు అయిదు రెట్లు. గుండె దడ, ఆయాసం ఉండవచ్చు, ఏమీ తెలియకపోనూ వచ్చు. మణికట్టు దగ్గర నాడి పట్టి చూస్తే కొట్టుకోవడం ఒక వరుసలో లేకుండా చిందరవందరగా ఉంటే ఈసీజీ తీయించాలి. లయ అప్పుడప్పుడే తప్పుతుంటే ఒక్క ఈసీజీలో దొరకదు. అందుకే కొందరికి 24 గంటలో, అంతకంటే ఎక్కువ కాలమో మిషన్ తగిలించి చూస్తారు.

ఈ కారణం దొరికితే రక్తం గడ్డకట్టకుండా ఆపే వేరే రకం మందులు ఇస్తారు. 1993లో యూరప్‌లో జరిగిన అధ్యయనంలో ఈ సమస్యతో ఒకసారి స్ట్రోక్ వచ్చినవారిని చూస్తే, ఆ మందు లేనివారిలో ఏడాదికి వందకు 12 మందికి, వాడినవారిలో నలుగురికి మళ్లీ స్ట్రోక్ వచ్చింది.

మన దేశంలో ఇంకో సంగతి ఉంది. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె వాల్వు సన్నబడినవారు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వీరికి వార్ఫరిన్, ఆసిట్రోమ్ లాంటి పాత మందులే మేలు. కొత్త రకం మందుతో పోల్చి చూసిన అధ్యయనం 2022లో ఆ మాటే తేల్చింది. ఈ పాత మందులు వాడేవారు ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి. చాలామందికి అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. తక్కువైతే గడ్డ కడుతుంది, మరీ ఎక్కువైతే రక్తస్రావం. ఆకుకూరలు మానక్కర్లేదు గానీ ఒక వారం అసలు తినకుండా, ఇంకో వారం రోజూ తింటే ఐఎన్‌ఆర్ ఊగిసలాడుతుంది.

డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ లాంటి కొత్త మందులకు ఐఎన్‌ఆర్ అక్కర్లేదు. అయితే వీటి పని ఒక రోజులోనే తగ్గిపోతుంది. పూట తప్పితే ఆ మేరకు రక్షణ లేనట్టే.

మెడ నాళం, మెదడు నాళం

మెడకు రెండు వైపులా మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలుంటాయి. స్ట్రోక్ వచ్చిన వైపు నాళం 70 శాతానికి మించి సన్నబడి ఉంటే మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పు చాలా ఎక్కువ. 1991లో అమెరికా, కెనడాల్లో జరిగిన అధ్యయనంలో, ఇలాంటివారిలో మందులు మాత్రమే వాడితే రెండేళ్లలో వందకు 26 మందికి మళ్లీ స్ట్రోక్ వచ్చింది, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 9 మందికి. చేయించాల్సి వస్తే స్ట్రోక్ వచ్చిన రెండు వారాల్లోపు చేయిస్తేనే ఎక్కువ లాభం. నెలలు గడిచే కొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది.

మనవంటి ఆసియా ప్రజల్లో మెదడు లోపలి నాళాలు సన్నబడడం ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ స్టెంట్ వేస్తే మంచిదని చాలామంది అనుకుంటారు. 2011లో వచ్చిన ఫలితాలు వేరుగా ఉన్నాయి. స్టెంట్ వేయించుకున్నవారిలో నెలలోపు స్ట్రోక్ లేదా మరణం వందకు 15 మంది దాకా, మందులతో గట్టిగా అదుపు చేసినవారిలో 6 మంది దాకా. అందుకే చాలామందికి ఇక్కడ మొదటి వైద్యం మాత్రలు, బీపీ, కొలెస్ట్రాల్ అదుపే.

షుగర్, కొలెస్ట్రాల్

షుగర్ జబ్బు పెద్ద నాళాలనూ, సన్న నాళాలనూ రెండింటినీ పాడుచేస్తుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చాలామందిలో 7 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ముసలివారిలో, షుగర్ పడిపోయే గుణం ఉన్నవారిలో డాక్టర్లు కాస్త సడలిస్తారు. షుగర్ మరీ పడిపోయినప్పుడు కూడా మాట తడబడి, ఒక వైపు బలహీనపడి అచ్చం స్ట్రోక్‌లాగే కనిపించవచ్చు. షుగర్ ఉన్న ఇంట్లో చిన్న గ్లూకోమీటర్ ఉండాలనేది అందుకే. అయితే షుగర్ చూడడానికి ఒక నిమిషం చాలు, ఆసుపత్రి ప్రయాణం దానికోసం ఆగకూడదు.

కొలెస్ట్రాల్ విషయంలో ఇళ్లలో జరిగే తప్పు ఒకటే. "టెస్టు నార్మల్ వచ్చింది, ఇక గోలీ ఎందుకు" అని స్టాటిన్ మాత్ర ఆపేస్తారు. నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లే. పైగా స్ట్రోక్ వచ్చినవారికి ల్యాబ్ కాగితంలోని మామూలు హద్దు వర్తించదు. నాళాల్లో కొవ్వు పేరుకుని స్ట్రోక్ వచ్చినవారిలో చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ 70 కంటే తక్కువ ఉంటే గుండెపోటు, స్ట్రోక్ తగ్గుతాయని 2019లో ఫ్రాన్స్, దక్షిణ కొరియాల్లో జరిగిన అధ్యయనం చూపింది. మాత్ర వల్ల కండరాల నొప్పి వస్తే ఆపేయకుండా డాక్టర్‌కు చెప్పాలి. మోతాదు తగ్గించవచ్చు, వేరే మందు ఇవ్వవచ్చు.

పొగ, జర్దా, హుక్కా

స్ట్రోక్ తర్వాత కూడా పొగ తాగేవారికి మళ్లీ వచ్చే ముప్పు, మానేసినవారికంటే బాగా ఎక్కువ. బీడీ చిన్నది కదా, హుక్కాలో నీళ్లున్నాయి కదా అనే మాటలు పనికిరావు. నీళ్లలోంచి వచ్చినా ఆ పొగలో నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. గుట్కా, ఖైనీ, జర్దా పాన్ కూడా నాళాలకు మంచివి కావు. రోగి మానేసి, కొడుకు అదే గదిలో కాలుస్తుంటే ఆ పొగ కూడా రోగికి హానే. ఇల్లంతా కలిసి మానాల్సిన అలవాటు ఇది. మద్యం కూడా ఎక్కువైన కొద్దీ బీపీని పెంచుతుంది, గుండె లయను చెడగొడుతుంది.

మాత్రలు మధ్యలో ఆపేయడం

పై కారణాలన్నీ అదుపులో ఉన్నా ఈ ఒక్కటి వాటిని వృథా చేస్తుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచబరిచే మాత్రలను ఉన్నట్టుండి ఆపినవారికి ఆ తర్వాతి వారాల్లో స్ట్రోక్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆపేసే సందర్భాలు సాధారణంగా ఇవే: ఒంట్లో బాగుందనిపించడం, డబ్బు సర్దుబాటు కాకపోవడం, కడుపులో మంట, పన్ను తీయించుకోవడం, కంటి ఆపరేషన్, ఊరెళ్లినప్పుడు మాత్రలు మరిచిపోవడం, నాటు వైద్యం మొదలుపెట్టడం.

పన్ను తీసేటప్పుడు, కంటి శుక్లం ఆపరేషన్‌లో చాలాసార్లు ఆస్పిరిన్ ఆపక్కర్లేదు. ఆపాలా వద్దా, ఆపితే ఎన్ని రోజులన్నది స్ట్రోక్ చూసిన డాక్టర్‌తో మాట్లాడాకే తేల్చాలి. కడుపులో మంటకు తోడుగా ఇంకో మాత్ర ఇస్తారు. మలం నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో చిక్కు. చిన్న స్ట్రోక్, మినీ స్ట్రోక్ వచ్చినవారికి మొదట్లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి, చాలాసార్లు 21 రోజులు ఇస్తారు. 2013లో చైనాలో జరిగిన అధ్యయనంలో ఇలా ఇచ్చినవారిలో 90 రోజుల్లో స్ట్రోక్ వందకు సుమారు 12 నుంచి 8కి తగ్గింది. ఆ తర్వాత ఒకటి ఆపి, ఒకటి కొనసాగించాలి. రెండూ నెలల తరబడి వాడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతుంటాయి. కొందరు 21 రోజులు కాగానే రెండూ ఆపేస్తారు. కొందరు పాత చీటీ చూపించి రెండూ ఏళ్ల తరబడి కొంటూనే ఉంటారు. ఏది ఆపాలి, ఏ తేదీన ఆపాలి, ఏది జీవితాంతం వాడాలి అన్నది తెలుగులోనో ఉర్దూలోనో పెద్దక్షరాలతో రాయించి మాత్రల డబ్బాకు అంటించుకోవాలి.

పసరు మందు, పావురం రక్తంతో మర్దన, తైలాలు లాంటివి మళ్లీ స్ట్రోక్ రాకుండా ఆపుతాయని రుజువు లేదు. మాలిష్ హాయినివ్వవచ్చు, ప్రార్థన మనసుకు ధైర్యమివ్వవచ్చు. వాటికోసం బీపీ మాత్ర, రక్తం పలుచబరిచే మాత్ర ఆపడమే ప్రాణం మీదకు తెస్తుంది. హకీం దగ్గర మందు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. కొన్ని మూలికలు రక్తం పలుచబరిచే మందులతో కలిసి హాని చేస్తాయి.

మన దేశంలోని 31 ఆసుపత్రుల్లో 4,298 మంది స్ట్రోక్ రోగులతో జరిగిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. సగం మందికి ఏడాది పాటు వారి భాషలో ఫోన్ మెసేజ్‌లు, వీడియోలు, ఒక పుస్తకం ఇచ్చారు. ఏడాదిలో మళ్లీ వచ్చిన స్ట్రోక్, గుండెపోట్ల లెక్కలో తేడా కనిపించలేదు. కానీ వారు మాత్రలు మరింత క్రమంగా వాడారు, పొగ, మద్యం తగ్గించారు. గుర్తుచేసేవారు ఉంటే మనిషి మందు వేసుకుంటాడన్నది ఇంటివాళ్లకు పనికొచ్చే మాట.

మిగతా కారణాలు

వయసు పెరగడం, ముందే గుండె జబ్బు ఉండడం, కిడ్నీ జబ్బు కూడా ముప్పును పెంచుతాయి. గట్టిగా గురక పెట్టి, నిద్రలో మధ్యమధ్య శ్వాస ఆగి ఉలిక్కిపడేవారికి స్లీప్ ఆప్నియా ఉండవచ్చు. స్ట్రోక్ వచ్చినవారిలో ఇది చాలామందికి ఉంటుంది, బీపీని అదుపు తప్పిస్తుంది. పక్కన పడుకునేవారే దీన్ని గమనించి డాక్టర్‌కు చెప్పగలరు.

కదలకుండా కూర్చోవడం మరో కారణం. కాలు లాగుతోందని మంచానికే పరిమితం చేయడం ప్రేమ కాదు. ఫిజియోథెరపిస్టు చెప్పినంత నడిపించాలి.

యాభై లోపు వయసులో స్ట్రోక్ వస్తే గుండె గదుల మధ్య చిన్న రంధ్రం, రక్తం గడ్డకట్టే జబ్బులు వెతుకుతారు. స్ట్రోక్ వచ్చిన ఆడవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. నెలసరి వాయిదా కోసం మాత్రలు అడిగేటప్పుడు, ఉమ్రాకు వెళ్లే ముందైనా సరే, స్ట్రోక్ సంగతి తప్పక చెప్పాలి.

రంజాన్‌లో ఏం చేయాలి?

స్ట్రోక్ వచ్చి కొద్ది కాలమే అయినవారు, బీపీ, షుగర్ అదుపులో లేనివారు, ఇన్సులిన్ మీద ఉన్నవారు రోజా ఉంటే ముప్పు ఎక్కువ. రోగులకు అల్ బఖరా సూరాలోనే సడలింపు ఉంది: కోలుకున్నాక వేరే రోజుల్లో పూర్తిచేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేనివారి ఫిద్యా గురించి ఉలమాలను అడగాలి. రోజా మానితే గునాహ్ అవుతుందేమోనని పెద్దవాళ్లు లోలోపల బాధపడతారు. డాక్టర్, ఇమామ్ ఇద్దరి మాటా ఒకటేనని వారికి నెమ్మదిగా చెప్పాలి.

కుదుటపడి, ఉండాలనుకునేవారు రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవాలి. రోజుకు ఒకటే వేసుకునే మాత్రలను ఇఫ్తార్‌కో సహరీకో మార్చడం తరచూ వీలవుతుంది. రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో వేసుకోవాల్సిన రక్తం పలుచబరిచే మందులతో చిక్కు వస్తుంది. రివరాక్సబాన్‌ను అన్నంతో పాటే వేసుకోవాలి. మూత్రం ఎక్కువ చేసే బీపీ మాత్రలు ఎండాకాలం రోజాలో ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. ఇవన్నీ సొంతంగా మార్చుకునేవి కావు.

రోజాలో వేలి చుక్క రక్తంతో షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతారు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలన్నది అంతర్జాతీయ మధుమేహ నిపుణుల సూచన. మాట తడబడితే, చేయి బరువెక్కితే ఇఫ్తార్ దాకా ఆగకూడదు. హజ్, ఉమ్రాకు వెళ్లేవారు మాత్రలను లగేజీలో కాకుండా చేతి సంచిలో, డాక్టర్ చీటీతో సహా పెట్టుకోవాలి.

ఇంట్లో ఒకరు చూసుకోవాల్సినవి

కొడుకో కోడలో, కూతురో, ఎవరో ఒకరు ఈ బాధ్యత తీసుకోవాలి. అందరిదీ అనుకుంటే ఎవరిదీ కాకుండా పోతుంది.

– వారానికి కనీసం రెండు మూడుసార్లు బీపీ కొలిచి రాయడం.
– రోజుల పేర్లున్న మాత్రల డబ్బా నింపడం. మాత్రలు అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోవడం.
– మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, డాక్టర్ చెప్పినప్పుడల్లా ఎల్‌డీఎల్. ఆసిట్రోమ్, వార్ఫరిన్ వాడితే ఐఎన్‌ఆర్.
– పొగాకు పూర్తిగా బంద్.
– కొత్త డాక్టర్, పళ్ల డాక్టర్, కంటి డాక్టర్ ఎవరి దగ్గరకెళ్లినా రక్తం పలుచబరిచే మందు సంగతి ముందే చెప్పడం.
– స్ట్రోక్ తర్వాత మనిషి దిగులుగా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే అది కూడా డాక్టర్‌కు చెప్పడం. దిగులులో ఉన్నవారే మాత్రలు ఎక్కువగా వదిలేస్తారు.

మళ్లీ వచ్చిందనిపిస్తే

మూతి ఒక వైపు జారడం, ఒక చేయో కాలో పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి చూపు మందగించడం, నడుస్తూ ఒక వైపు ఒరిగిపోవడం: ఇందులో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, ఎంత ముందు ఇస్తే అంత మేలు. పెద్ద నాళం మూసుకుపోతే గడ్డను బయటికి లాగే చికిత్స తగినవారికి 24 గంటల దాకా వీలుపడవచ్చు.

మనిషి మామూలుగా ఉండగా చివరిసారి ఎన్ని గంటలకు చూశారో గుర్తుపెట్టుకుని చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతుంటే చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో కూడా చెప్పాలి, ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇంట్లో ఆస్పిరిన్ మింగించకూడదు, వచ్చింది రక్తస్రావం కావచ్చు. నీళ్లు, జమ్‌జమ్ అయినా, చాయ్ అయినా నోట్లో పోయకూడదు. మింగే శక్తి లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లక్షణాలు పది నిమిషాల్లో తగ్గిపోయినా ప్రయాణం ఆపకూడదు.

మొదటి స్ట్రోక్ చాలాసార్లు చెప్పకుండా వస్తుంది. రెండోదాని కారణాలు మాత్రం డిశ్చార్జ్ కాగితంలో, బీపీ పుస్తకంలో, మాత్రల డబ్బాలో ముందే రాసి ఉంటాయి. వాటిని రోజూ చూసే మనిషి ఇంట్లో ఒకరుంటే ముప్పు చాలావరకు దూరంగా ఉంటుంది.